వెయ్యి సరస్సుల అడవిలో నాలుగు రాత్రులు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. - సం.)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడం వల్లనే మనం ఏటా డిసెంబరు 17న ఇలా కలుసుకుంటున్నాం. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకన్నా వివరం తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకిచ్చిన పని వేరు. "మీ అమెరికా అనుభవాలు ఒక ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. ఆ మాట మైకులో వినగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు గడియారం చూసుకోవడం నేను గమనించాను. వారి తప్పేమీ లేదు. స్వేచ్ఛా విగ్రహం, నయాగరా జలపాతం, గుడిలో పులిహోర ప్రసాదం, ఈ మూడూ వినీ వినీ మనందరికీ కంఠతా వచ్చేశాయి. నేను వాటి జోలికి పోను. 2024 జూలైలో, నాకు డెబ్బై మూడో ఏట, అడవిలో సరస్సుల మీద చిన్న పడవలో తిరిగి, గాలం వేసి, డేరాలో పడుకుని వచ్చాను. ఆ ఒక్క సంగతే చెబుతాను.

మా పెద్దబ్బాయి మినెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్‌లో ఉంటాడు. అక్కడి నుంచి ఉత్తరంగా కారులో సుమారు నాలుగున్నర గంటలు పోతే ఈలీ అని ఒక చిన్న ఊరు. ఒకప్పుడు ఇనుప గనుల ఊరు. దానికి అవతల, కెనడా సరిహద్దు పొడవునా, బౌండరీ వాటర్స్ అనే రక్షిత అడవి ఉంది. సుమారు 11 లక్షల ఎకరాలు. అందులో వెయ్యికి పైగా సరస్సులు. మంచుయుగంలో హిమానీనదాలు ఆ రాతినేలను గీరుకుంటూ పోయినప్పుడు పడిన గుంటలే ఈ సరస్సులు. ఒక సరస్సుకీ ఇంకో సరస్సుకీ మధ్య చిన్న అడవిదారి ఉంటుంది. ఈ సరస్సు దాటి ఒడ్డుకు చేరి, పడవను నెత్తిన పెట్టుకుని ఆ దారి నడిచి, అవతలి సరస్సులో దింపుకోవాలి. ఆ నడకను వాళ్ళు పోర్టేజీ అంటారు. లోపల రోడ్డు లేదు, కరెంటు లేదు, కొట్టు లేదు. సెల్‌ఫోను సిగ్నలు దాదాపు ఎక్కడా ఉండదు. ఆ పడవ పేరు కనూ. మనకు కొత్తదేమీ కాదు. కొల్లేట్లో తాటిదోనె ఎక్కినవాళ్ళు ఈ హాల్లో కనీసం పదిమంది ఉంటారు. నేను రెవెన్యూలో ఎల్.డి.సి.గా చేరిన కొత్తలో లంక గ్రామాలకు జమాబందీ లెక్కలు పట్టుకుని దోనెలోనే వెళ్ళేవాణ్ణి. అయితే మనవాళ్ళు గడకర్రతో తోస్తారు, వాళ్ళు తెడ్డు వేస్తారు.

ఇంట్లో ఈ మాట ఎత్తింది మా మనవడు. వాడికి పద్నాలుగేళ్ళు. "తాతయ్య కూడా వస్తారు" అన్నాడు. అంతే, ఇల్లంతా అసెంబ్లీ అయిపోయింది. మా ఆవిడ, "ఏవండీ, రాత్రిళ్ళు మూడుసార్లు లేస్తారు, అడవిలో ఎక్కడికి పోతారు?" అంది. కోడలు నా బి.పి. సంగతి గుర్తు చేసింది. మా అబ్బాయి ఎటూ తేల్చకుండా, "గైడును పెట్టుకుంటే చూద్దాం నాన్నా" అన్నాడు. పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళకు ఈ పరిస్థితి తెలుసు. మన గురించి మన ఎదురుగానే, మనం లేనట్టు, చర్చ జరుగుతుంది. ప్రేమతోనే జరుగుతుంది, కాదనను. కానీ తీర్మానం మాత్రం మన సంతకం లేకుండానే పాసవుతుంది.

ఈలీలో ఈ యాత్రలు ఏర్పాటు చేసే సంస్థలు చాలా ఉన్నాయి. కనూలు, డేరాలు, వంట సామాను అద్దెకిస్తాయి, కావాలంటే గైడును పంపుతాయి. అలాంటి ఒక సంస్థ నుంచి గైడు ఫోను చేసింది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. ఆమె పేరు ఇక్కడ చెప్పను, చెప్పడానికి అనుమతి అడగలేదు కనుక. మా అబ్బాయి స్పీకరులో పెట్టాడు. నా ఆరోగ్యం గురించి ఆమె అడగ్గానే వాడు అందుకుని జవాబు చెప్పబోయాడు. ఆమె మర్యాదగానే ఆపింది. "నేను ఆయన్నే అడుగుతున్నాను" అంది.

ఆమె వేసిన ప్రశ్నలు నేను తరువాత కాగితం మీద రాసుకున్నాను. నేల మీద కూర్చుంటే ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలరా? మోకాలి లోతు నీళ్ళలో, జారే రాళ్ళ మీద నిలబడగలరా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? ఏయే మాత్రలు, ఏయే వేళల్లో? ఆఖరి ప్రశ్న: అక్కడ ఒంట్లో బాగాలేకపోతే సాయం రావడానికి గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి పూట పట్టవచ్చు, ఆ సంగతి తెలిసే వస్తున్నారా? వీటిలో ఒక్కటీ నా వయసెంత అనేది కాదు. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాను. నేలమీద పీట వేసుకుని భోజనం చేసే అలవాటు ఇప్పటికీ ఉంది కనుక మొదటి ప్రశ్నలో పాసయ్యాను. "సరే, అయితే మందులు వెళ్ళే రోజులకు కాకుండా ఇంకో రెండు రోజులకు ఎక్కువ తెచ్చుకోండి" అంది. ఎందుకని మా అబ్బాయి అడిగితే, "గాలి మన క్యాలెండరు చూడదు" అంది. ఆ మాట అప్పుడు మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు కానీ, మాత్రలు మాత్రం అలాగే లెక్కపెట్టి సర్దాను.

ఇక పర్మిట్టు. ముప్పై అయిదేళ్ళు పర్మిట్లూ, లైసెన్సులూ, ఎండార్సుమెంట్లూ రాసిన చేతికి ఈ వ్యవహారం ఎంత ముచ్చటగా తోచిందో చెప్పలేను. ఆ అడవిలోకి పోవడానికి కొన్ని ప్రవేశ స్థానాలు ఉన్నాయి. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఒక్కో స్థానం నుంచి రోజుకు ఇన్ని బృందాలే అని కోటా. ఆ కోటా అయిపోతే మంత్రి గారి బావమరిదైనా మరునాడు రావలసిందే. జనవరి చివర్లోనే రిజర్వేషను మొదలవుతుంది. ఒక బృందంలో తొమ్మిది మందికి మించకూడదు, నాలుగు పడవలకు మించకూడదు. పర్మిట్టు చేతికిచ్చే ముందు నిబంధనలు వీడియో వేసి చూపిస్తారు. నిప్పు రాజేయడానికి ప్రతి మకాంలోనూ ఒక ఇనుప పొయ్యి పాతి ఉంటుంది, అందులో తప్ప ఇంకెక్కడా మంట వేయకూడదు. డబ్బాలు, గాజుసీసాలు లోపలికి పనికిరావు.

ఈ ఆఖరి నిబంధన దగ్గరే మాకు చిక్కు వచ్చింది. మా ఆవిడ ఏలూరు నుంచి మోసుకొచ్చిన ఆవకాయ గాజుసీసాలో ఉంది. గైడు అమ్మాయి దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్పించి, మూత తీసి వాసన చూసి, "ఇది నాకు బాగుంది, ఎలుగుబంటికీ బాగుంటుంది" అని తిండి మూటలో అడుగున పెట్టింది. అక్కడ నల్ల ఎలుగులు ఉన్నాయి. తినే వస్తువేదీ, ఆఖరికి టూత్‌పేస్టు కూడా, డేరాలో ఉంచుకోకూడదు. రాత్రి పూట ఆ మూటను చెట్టుకు ఎత్తుగా వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకో ఆమె చెప్పింది, నేను వచ్చాక చదివి తెలుసుకున్నది కొంత ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత నీటిమీద వాలే చిన్న విమానాల్లో చేపల వేటకు జనం ఎగబడ్డారట. తెడ్డు వేసుకుంటూ మూడు రోజులు పోతే గాని చేరని సరస్సు మీద అరగంటలో దిగి, చేపలు పట్టి, సాయంత్రానికి ఇంటికి పోయేవారు. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఆ అడవి మీద 4,000 అడుగుల ఎత్తులోపు విమానాలు ఎగరరాదని ఉత్తర్వు ఇచ్చాడు. అందుకోసం పోరాడినవారిలో ఈలీ నివాసి సిగర్డ్ ఓల్సన్ ఒకడు. ఆయన తనే గైడు, కనూ యాత్రల వ్యాపారంలో భాగస్వామి, పెద్ద రచయిత కూడా. 1964లో అరణ్య చట్టం, 1978లో ప్రత్యేకంగా ఈ అడవికే ఒక చట్టం వచ్చాయి. చాలా సరస్సుల్లో మోటారు పడవలు ఆగిపోయాయి.

ఇదంతా సునాయాసంగా జరిగిందనుకోకండి. మోటారు పడవల మీద, లాడ్జీల మీద బతికేవాళ్ళకు కడుపుమంట. 1977లో ఓల్సన్ దిష్టిబొమ్మను ఆయన సొంత ఊళ్ళోనే ఉరితీశారు. అప్పటికాయన మన ఈడువాడు, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈ మాట వింటే నాకు మన కొల్లేరే గుర్తొచ్చింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని జీవో వచ్చింది, అప్పటికే చేపల చెరువులు నిండిపోయాయి. 2006లో ఆ గట్లు కొట్టించేటప్పుడు ఎవరి బతుకు ఎలా అయిందో ఇక్కడున్న చాలామంది కళ్ళారా చూశారు. నియమం ఆలస్యంగా వస్తే పేదవాడి మీద బరువు ఎక్కువ పడుతుందని నా అభిప్రాయం. అది వేరే ప్రసంగం, ఇక్కడ ఆపుతాను.

ఒక గురువారం ఉదయం మూస్ లేక్ అనే సరస్సు రేవులో బయలుదేరాం. రెండు కనూలు. ఒకదాంట్లో మా అబ్బాయి, మనవడు. రెండోదాంట్లో వెనక గైడు, ముందు నేను. కనూకు చుక్కాని ఉండదు. వెనక కూర్చున్నవారు తెడ్డుతోనే దారి తిప్పుతారు. ముందు కూర్చున్నవాడు ఊరికే కూర్చునేవాడనుకున్నాడు మా అబ్బాయి. "నాన్నా, మీరు చేతులు ముడుచుకుని చూస్తూ ఉండండి చాలు" అన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. నీటి కింద రాయి ముందున్నవాడికే కనబడుతుంది, వెనకున్న తనకు కనబడదు. "రాయి, ఎడమ పక్క" అని కేకేయడం నా ఉద్యోగం. పది నిమిషాలు తెడ్డు వేసి రెండు నిమిషాలు ఆగవచ్చు, కానీ కళ్ళు మాత్రం నీటి మీద నుంచి తీయకూడదు. ఆ నాలుగు రోజులూ నేను ఆ ఉద్యోగం శ్రద్ధగా చేశాను. పడవకు ఒక్క గీత కూడా పడలేదు.

పోర్టేజీ దగ్గర కూడా అంతే. పడవ మోసే పని ఆమెది. కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన కనూ పందొమ్మిది, ఇరవై కిలోలే ఉంటుంది. నడుమ చెక్క కాడి ఉంటుంది. పడవను బోర్లించి, కాడిని రెండు భుజాల మీద ఆనించుకుని నడిచిపోతుంది. దూరం నుంచి చూస్తే పడవకు కాళ్ళు వచ్చి నడుస్తున్నట్టు ఉంటుంది. పాతకాలం అల్యూమినియం కనూలు ఇంకా చాలా బరువు. యుద్ధవిమానాలు చేసిన గ్రమ్మన్ కంపెనీ యుద్ధం అయ్యాక ఆ రేకుతోనే కనూలు చేసి అమ్మింది. అంతకన్నా చాలా ముందు నుంచీ, అక్కడి ఆదివాసులు ఒజిబ్వేలు భూర్జవృక్షం పట్టతో కనూలు కట్టేవారు. ఇప్పటి కనూ ఆకారం వాళ్ళదే, ఈ పోర్టేజీ దారులు చాలావరకు వాళ్ళ కాళ్ళు వేసినవే. నాకు తెడ్లు, గాలం కర్రలు, నా సొంత సంచీ ఇచ్చింది. మా అబ్బాయి అవి కూడా లాక్కోబోతే, "ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఎక్కువ జారతారు" అని ఏదో శాస్త్రం చెప్పింది. నిజమో, నా మర్యాద కాపాడడానికి చెప్పిందో, నేను అడగలేదు.

పోర్టేజీల పొడవు మ్యాపులో 'రాడ్'లలో వేస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు. మా అబ్బాయి ఫోనులో లెక్క కట్టబోతుంటే నేను నోటితో చెప్పేశాను. మన సర్వే గొలుసు 66 అడుగులు, అందులో సరిగ్గా నాలుగో వంతు! ఎనభై గొలుసులు మైలు, మూడువందల ఇరవై రాడ్లు మైలు. మన తాలూకా కచేరీలో అటకెక్కిన కొలత అక్కడ అడవిలో ఇంకా సర్వీసులో ఉంది. మా మనవడు నన్ను ఆ రోజు చూసిన చూపు నా పెన్షన్ రివిజన్ కన్నా తృప్తినిచ్చింది.

సాయంత్రానికి ఎన్‌సైన్ లేక్ అనే సరస్సు ఒడ్డున మకాం వేశాం. అక్కడ చేపలు నాలుగు రకాలు ముఖ్యం. వాలై, పైక్, స్మాల్‌మౌత్ బాస్, లోతు చల్లని సరస్సుల్లో లేక్ ట్రౌట్. పైక్‌కు మన వాలుగలాగా నోటినిండా పళ్ళు, మామూలు దారమైతే కొరికేస్తుంది. బాస్ గాలానికి తగలగానే నీటి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. తినడానికి శ్రేష్ఠం వాలై. దాని కంటి వెనక పిల్లి కంటికి ఉన్నట్టు వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. అందుకే మసక వెలుతురులో అది బాగా చూస్తుంది, తను వేటాడే చిన్న చేప చూడలేదు. కాబట్టి వాలై కోసం పొద్దు వాలాకే గాలం వేయాలి. జూలైలో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిది గంటల దాకా ఉంటాడు, తరువాత కూడా చాలాసేపు వెలుతురు పోదు. రాత్రి భోజనానికి చేప కావాలంటే ఆకలికి ఓర్చుకోవాలి.

ఎర ఏమిటనుకున్నారు? జలగలు! ఈలీ బజారులో డబ్బాలో నీళ్ళు పోసి అమ్ముతారు. మా ఆవిడ ఆ డబ్బా చూసి రెండు గజాలు వెనక్కి జరిగింది. వానపాములు కూడా వాడతారు గానీ, మిగిలినవాటిని అడవిలో పారేయకూడదని గైడు గట్టిగా చెప్పింది. మంచుయుగం తరువాత ఆ నేలలో వానపాములు లేవట. బయటినుంచి వచ్చినవి రాలిన ఆకులన్నీ తినేసి అడవి మొక్కలకు చేటు చేస్తున్నాయి. రైతుకు మిత్రుడని మనం చదువుకున్న వానపాము అక్కడ ఆక్రమణదారు! చేపలు పట్టడానికి వేరే లైసెన్సు ఉండాలి, నాకూ అబ్బాయికీ తీసుకున్నాం.

మొదటి సాయంత్రం నా బెండు మూడుసార్లు మునిగింది, రెండుసార్లు ఎర పోయింది, మూడోసారి వాలై వచ్చింది. మూర కన్నా కొంచెం తక్కువ. గైడు దాన్ని సన్నని కత్తితో ఎముక లేకుండా రెండు పక్కలా చీల్చి తీసిన తీరు చూసి తీరాలి. మన చేపల మార్కెట్లో కత్తిపీట మీద కోసేవారు కూడా మెచ్చుకుంటారు. పిండి అద్ది నూనెలో వేయబోతుంటే నేను మా ఆవిడ పొట్లం కట్టి ఇచ్చిన కారం, పసుపు, ఉప్పు సగం ముక్కలకు పట్టించాను. మరునాటి నుంచి ఆమె మొత్తం ముక్కలు నాకే అప్పగించింది. అవసరమైనదానికన్నా ఎక్కువ పట్టనివ్వలేదు. రెండో రోజు మా మనవడికి వరసగా చేపలు పడుతుంటే, నలుగురికి సరిపడినవి ఉంచి మిగతావి నీళ్ళలో వదిలేయించింది.

మా ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు కదూ. ఇక్కడ కూడా చాలామంది మనసులో అదే ఉందని నాకు తెలుసు. ప్రతి మకాంకీ కొంచెం దూరంలో, అడవిలో, ఒక పెట్టెలాంటి మరుగుదొడ్డి ఉంటుంది. గోడల్లేవు, పైకప్పు లేదు. నుదుటికి కట్టుకునే దీపం పెట్టుకుని పోవాలి. గైడు పగలే నా డేరా నుంచి అక్కడిదాకా తెల్ల తాడు కట్టింది. రాత్రి ఆ తాడు పట్టుకుని పోయి రావడమే. ఒకరాత్రి అలా పోతుండగా సరస్సు నడుమ నుంచి ఎవరో ఆడమనిషి ఏడ్చినట్టు కేక వినిపించింది. గుండె ఝల్లుమంది. లూన్ అనే పక్షి అది. ఎర్రని కళ్ళు, నల్లని తల, చేపల కోసం లోతుగా మునుగుతుంది. మినెసోటా రాష్ట్ర పక్షి. ఒకటి కేకేస్తే అవతలి సరస్సులోది జవాబిస్తుంది. నేను తాడు పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడ్డాను. దోమలు కుట్టకపోతే ఇంకా నిలబడేవాణ్ణి. దోమల విషయంలో ఆ అడవి మన కొల్లేటికి ఏమీ తీసిపోదు.

ఇక ఆదివారం సంగతి. మూడు రాత్రులు గడిచాయి, ఆ ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి రేవు చేరాలని మా లెక్క. సోమవారం పొద్దున మా అబ్బాయికి ఆఫీసులో ఏదో ముఖ్యమైన పని ఉంది. తెల్లవారేసరికి పడమటి గాలి మొదలైంది. మేము వెళ్ళవలసింది పడమటికే. ఎనిమిది గంటలకు సరస్సంతా తెల్ల నురుగులు కక్కుతోంది. గైడు ఒడ్డున రాతిమీద పది నిమిషాలు నిలబడి చూసి, వచ్చి పొయ్యి మళ్ళీ రాజేసింది. "ఇప్పుడు కాదు" అంది.

పది గంటలకు మా అబ్బాయి అడిగాడు. ఇప్పుడు కాదు అంది. పన్నెండుకు అడిగాడు. అదే మాట. రెండు గంటలకు వాడి గొంతు మారింది. ఒడ్డు వెంబడి పోతే ప్రమాదమేమిటి, మేమందరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం, మాకు ఈత వచ్చు, డబ్బు కట్టింది మేము కదా అన్నాడు. ఆమె కోపగించలేదు. సామానుతో బరువుగా ఉన్న పడవ ఎదురుగాలిలో నీళ్ళు ఎక్కించుకుంటే ఏమవుతుందో, ఒక పడవ తిరగబడితే రెండో పడవ పరిస్థితి ఏమిటో నిదానంగా చెప్పింది. "మీ నాన్నగారిని వంక పెట్టి ఆగడం లేదు. మీరొక్కరే ఉన్నా ఆగేదాన్నే" అంది. ఆ మాట నాకోసమే అన్నదని నాకు తెలుసు.

వాడు నా వైపు తిరిగాడు. నేను ఏదో ఒకటి చెప్పాలి. నాకూ వెళ్ళాలనే ఉంది, అవతల మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది. అయినా వాడితో మన భాషలో చెప్పాను. "ఒరేయ్, సంతకం పెట్టవలసినవాళ్ళు పెట్టలేదు. ఫైలు కదలదు. వెళ్ళి కట్టెలు ఏరుకురా." వాడికి కోపం వచ్చింది, ఆ తరువాత నవ్వు వచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో! ఆ మధ్యాహ్నం వాడు, నేను, మనవడు మూడు తరాల వాళ్ళం చెట్టు కింద కూర్చుని పేకాడుకున్నాం. చెట్టు కిందంటే ఏ చెట్టు కింద పడితే అక్కడ కాదు. 1999 జూలై 4న వచ్చిన గాలివాన ఆ ప్రాంతంలో లక్షల ఎకరాల్లో చెట్లను పడగొట్టిందట. ఎండిన మాను దరిదాపుల్లో కూర్చోనివ్వదు, డేరా వేయనివ్వదు.

ఆమె దగ్గర ఉపగ్రహం ద్వారా చిన్న సందేశం పంపే యంత్రం ఉంది. "అందరూ క్షేమం, గాలికి ఆగాం" అని తమ సంస్థకు పంపింది. మరునాడు తెల్లవారుజామున నాలుగింటికి లేపింది. సరస్సు అద్దంలా ఉంది. మంచుతెర నీటిమీద పాకుతోంది. చీకటి పూర్తిగా విడకముందే తెడ్డు వేశాం. తొమ్మిది కావస్తుండగా రేవు చేరాం.

మా ఆవిడ, కోడలు ఆ నాలుగు రోజులూ ఈలీలో బస చేశారు. తోడేళ్ళ కేంద్రం చూశారు, డొరొతీ మోల్టర్ ఇల్లు చూశారు. ఆ డొరొతీ నర్సు చదువు చదివి, లోపల నైఫ్ లేక్ మీది దీవిలో యాభై ఏళ్ళకు పైగా బతికిన మనిషి. వచ్చేపోయే కనూల వారికి సొంతంగా తయారుచేసిన రూట్ బీరు అనే తియ్యని పానీయం పోసేది. చట్టం వచ్చాక దాదాపు అందరినీ ఖాళీ చేయించారు, ఈమెను బతికున్నంత కాలం ఉండనిచ్చారు. 1986 డిసెంబరులో, డెబ్బై తొమ్మిదో ఏట పోయింది. తరువాత ఆ కొయ్య ఇళ్ళను ఊళ్ళోకి తెచ్చి మ్యూజియం చేశారు. ఆ అడవిలో స్థిరనివాసం ఉన్నవారిలో ఆఖరు మనిషి ఆవిడే.

రేవులో దిగగానే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మాత్రలు సరిపోయాయా?" అంది. సరిపోయాయి, ఇంకా ఒక పూటవి మిగిలాయి అన్నాను. రాత్రి కబురు అందిందా, భయపడ్డావా అని అడిగాను. "కబురు వచ్చింది కదా, భయమెందుకు? 1986 ఆగస్టులో గోదావరి వరదల డ్యూటీకని పోయి పదకొండు రోజులు ఒక్క కబురు లేదు. ఆ పదకొండు రోజుల ముందు ఇదెంత?" అంది. ముప్పై ఎనిమిదేళ్ళ తరువాత ఆ మాట మొదటిసారి ఆవిడ నోటి వెంట విన్నాను. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సర్వీసు రిజిస్టర్లలో ఇలాంటి ఎంట్రీలు ఎన్ని ఉన్నాయో.

వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్ళేవారికి నాలుగు మాటలు. మనకు తీసుకునే సందర్శకుల బీమాలో పాత జబ్బులకు వర్తింపు ఉందో లేదో పాలసీ కాగితం పూర్తిగా చదవండి, చాలావాటిలో ఉండదు. మాత్రల కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి. రాత్రి పడుకోవడం కష్టమనుకుంటే పొద్దున పోయి సాయంత్రం వచ్చే గైడు యాత్రలు కూడా ఉన్నాయి. జూన్‌లో కన్నా ఆగస్టు చివర్లో దోమలు తక్కువని గైడు చెప్పింది. ఖర్చు ఎంతయిందని అడిగితే మా అబ్బాయి చెప్పలేదు, బిల్లు దాచేశాడు. కాబట్టి ఆ ప్రశ్న నన్ను అడగకండి.

ఫోటోలు తెచ్చాను, టీ ఇచ్చే దగ్గర బల్ల మీద పెడతాను. మా మనవడు పట్టిన పైక్ ఫోటో వెనక వాడి చేతిరాత ఉంది, చూసి జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి.